గాబ్రియేలు సార్ గొంతుపెట్టె

గాబ్రియేలు సార్‌కి అక్షరాల్లో మొదట పోయింది 'స'. తర్వాత 'శ', 'చ', ఇంకొన్నాళ్లకు 'త'. పుస్తకం అని ఎవరైనా అంటే ఆయన చెవికి ముందు 'పు', చివర 'కం' చేరేవి. మధ్యలో ఏదో గాలి కదిలినట్టు ఉండేదట.

"అందురూ పండ్లు ఊడిపోయినోళ్ల మాదిరి మాట్లాడతాండారమ్మా" అనేవారు నాతో. "నువ్వు గూడా."

కళ్లు మాత్రం అలా కొంచెం కొంచెంగా పోలేదు. ఆత్మకూరు పక్కన ఒక పల్లె ఆయనది. ఇంటర్ తర్వాత పై చదువు సాగక బేతంచెర్ల వెళ్లి నాపరాతి పనిలో చేరారు. కొన్నేళ్లు బండలకు పాలిష్ పట్టి, ఆ తర్వాత గనిలోకి దిగారు. ఒకరోజు మందు దట్టించిన రంధ్రం పేలలేదేమని దగ్గరికి పోయి చూస్తుండగా పేలింది. రెండు కళ్లూ అక్కడే పోయాయి. చెవులు మిగిలాయి కదా అని ఇంట్లోవాళ్లు ఊరట పడ్డారు. పేలుడు దెబ్బ తిన్న చెవిలో సన్నని శబ్దాలు ముందు పోతాయనీ, లావు శబ్దాలు మాత్రమే ఎక్కువ కాలం నిలుస్తాయనీ వాళ్లకు ఎవరూ చెప్పలేదు. పిల్లల గొంతులు, పక్షులు, 'స'కారం, ఇవన్నీ సన్నని శబ్దాలే.

చూపు లేనివాళ్లు వేళ్లతో చదవడం నేర్చుకుంటారు. ఆయనా కూర్చున్నారు. కానీ ఏళ్ల తరబడి తడి బండలను రుద్దిన వేళ్లు అవి. బ్రెయిలీ చుక్కలు ఆ చర్మానికి అందలేదు. కాగితం మీద రవ్వ పోసినట్టు ఉందని చెప్పి వదిలేశారు. ఇక ఆయనకు చదువు రావాలంటే చెవి గుండానే రావాలి. ఆ చెవి కూడా ఏటికేడూ తగ్గిపోతోంది.

నేను ఆయన్ని మొదట చూసింది 2008లో. కల్లూరు దాటాక, హంద్రీకి కాస్త ఎడంగా, చూపులేని పిల్లల కోసం ఒక ట్రస్టు నడిపే హాస్టల్ స్కూలు ఉంది. అక్కడ పై తరగతులకు సైన్సు చెప్పడానికి చేరాను. కింది తరగతులకు తెలుగు, సోషల్, సైన్సు అన్నీ ఆయనే చెప్పేవారు. డిగ్రీ లేదు. ట్రస్టు వాళ్లు దయతలచి పెట్టుకున్న మనిషి అని అందరూ అనేవాళ్లు. పిల్లలు మాత్రం ఆయన పీరియడు కోసం కాచుకుని ఉండేవాళ్లు. తెల్లవారుజామునే కంప్యూటర్ ముందు కూర్చుని ఆ రోజు పాఠాన్ని మళ్లీ మళ్లీ వినేవారు. తర్వాత తరగతికి వచ్చి, నిన్న ఊళ్లో జరిగిన సంగతి చెప్పినట్టు ఆ పాఠం చెప్పేవారు.

ఆ కంప్యూటర్ చదివేది మాకెవరికీ అర్థమయ్యేది కాదు. గొంతు బాగా బొంగురుగా, నేలలోంచి వచ్చినట్టు ఉండేది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి గురకలా వినిపించేది.

"ఏం సార్, నీ మిషన్‌కి కషాయం కాంచియ్యాల్నా? గొంతు పట్టుకున్నట్టుండాది" అనేది వంటమనిషి ఉరుకుందమ్మ.

"నీ కషాయం తాగితే ఉన్న గొంతు గూడా పోతాదిలే తల్లీ."

"అట్లయితే నువ్వే తాగు. మాకు శానా నెమ్మది."

ఆ గొంతును తయారుచేసింది భూపేష్ అనే ఇంజనీరింగ్ విద్యార్థి. చివరి ఏడాది ప్రాజెక్టు కోసం హాస్టల్‌కి వచ్చి, ఒక వేసవి అంతా సార్ పక్కన కూర్చున్నాడట. చెవిలో ఎక్కడ చోటు మిగిలి ఉందో శబ్దాన్ని అక్కడికే తీసుకుపోదామన్నాడు. తెలుగు పాఠాన్ని చదివి వినిపిస్తూ, సన్నని శబ్దాలను కిందికి దించి, లావు శబ్దాల మధ్యకు తెచ్చే ప్రోగ్రాం రాశాడు. ఒక్కో అక్షరానికి ఒక్కో మెట్ల వరుస. మీట నొక్కితే 'స' ఒక మెట్టు దిగుతుంది. చెవి ఇంకొంచెం తగ్గిందని అనిపించినప్పుడల్లా సార్ ఆ అక్షరాన్ని ఒక మెట్టు దించుకునేవారు. నిన్నటి 'స' గుర్తుంటుంది కాబట్టి ఇవాళ్టి 'స' కొంచెం వేరుగా ఉన్నా పట్టుకోగలిగేవారు. అలా ఏళ్ల మీద ఆయన చెవీ ఆ గొంతూ కలిసి దిగుతూ వచ్చాయి.

"మధ్యలో నాలుగు మెట్లు ఒకేసారి దించినావంటే నాకు అది తెలుగు గాదమ్మా. అరవమో, ఇంగొకటో" అని చెప్పారు ఒకసారి.

మా పాపకు అప్పటికి ఏడాది నిండలేదు. ఆయన చెవుల సంగతి తెలిసిన రోజు ఇంటికి పోయి, పాప వెనక నిలబడి స్టీలు గిన్నె మీద చెంచాతో కొట్టాను. వెంటనే తిరిగి చూసింది. మరునాడు మళ్లీ కొట్టాను.

శబ్దాన్ని ముక్కలు చేసి కిందికి దించడమంటే మాటమాటకూ లక్షల లెక్కలు. ఆ రోజుల్లో హాస్టల్లో ఉన్నది చిన్న కంపెనీ ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్. కరెంటు తక్కువ తాగుతుందని కొన్నారు. అది మెల్లగా నడిచేది. కానీ అలాంటి లెక్కలను జంటలు జంటలుగా చేసిపెట్టే ప్రత్యేకమైన ఆదేశాలు కొన్ని అందులో ఉండేవి. భూపేష్ వాటిని వాడుకున్నాడు. కొన్నేళ్లకు ఆ కంపెనీ తన కొత్త ప్రాసెసర్లలోంచి ఆ ఆదేశాలను తీసేసింది. వాడేవాళ్లు తగ్గారు, పెద్ద కంపెనీలు వేరే పద్ధతి పట్టుకున్నాయి. తీసేయబోతున్నామని ముందే చెప్పారట. ఎక్కడో చెప్పిన ఆ మాట కల్లూరు దాకా రాలేదు.

ఇక కంప్యూటర్‌ను నిద్రపుచ్చే అలవాటు. అది మా కరెంటు నేర్పిన అలవాటు. 2007లో, హాస్టల్ కంప్యూటర్లు చూసే అజయ్ అనే షాపు ఆయన, భూపేష్ ప్రోగ్రాంని వర్చువల్ మెషీన్‌లో పెట్టాడు. అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నటించే ఏర్పాటు. దానివల్ల సార్‌కి ఒక సుఖం దొరికింది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ కాసేపే ఆగుతుంది. కంప్యూటర్‌ను పద్ధతిగా మూసేయాలంటే ముందు గొంతు ఆగిపోతుంది, ఆ తర్వాత తెర మీద ఏం జరుగుతోందో ఆయనకు తెలియదు. అదే నిద్రపుచ్చడమైతే ఒక్క మీట. లోపలి కంప్యూటర్ ఉన్నది ఉన్నట్టు పడుకుంటుంది. సగం మాటలో ఆగితే, కరెంటు వచ్చాక ఆ సగం మాట దగ్గరే లేస్తుంది. లేపేటప్పుడు టంగుమని శబ్దం వస్తుంది, ఎంటర్ నొక్కాలి. టంగుమంటే ఎంటర్. అజయ్ నేర్పింది అంతే, ఆయనకు కావలసిందీ అంతే. అలా ఆ ప్రోగ్రాం రెండేళ్లకు పైగా ఒక్కసారి కూడా మూతపడలేదు. పడుకుంటూ లేస్తూ ఉండేది.

ఆ వర్చువల్ మెషీన్ మొత్తం అరచేతిలో పట్టే ఒక డిస్కు పెట్టెలో ఉండేది. పిల్లలు దానికి గొంతుపెట్టె అని పేరు పెట్టారు.

2009 అక్టోబరు రెండో తేదీ. దసరా సెలవులు కావడంతో హాస్టల్లో ఊళ్లకు పోలేని పిల్లలు కొందరే ఉన్నారు. పొద్దున సార్ వానపాము పాఠం వింటుండగా కరెంటు పోయింది. మామూలుగానే మీట నొక్కి నిద్రపుచ్చి, పెట్టెను ఎలుకల భయానికి అలమార పైన పెట్టారు. ఆ తర్వాత వరద నీళ్లు వచ్చాయి. కర్నూలులో ఆ రోజు ఏం జరిగిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఉరుకుందమ్మా సార్ కలిసి పిల్లల్ని మేడ మీదికి ఎక్కించారు. అంతా ఎక్కాక సార్‌కి పెట్టె గుర్తొచ్చింది.

ఆ తర్వాత సంగతి నాకు ఉరుకుందమ్మ చెప్పింది.

"దిగొద్దు సార్, నీళ్లు రొమ్ముల కాడికి ఉండాయి అంటిని. నాకేం కనపడతాయా, గోడ ఉండాది పట్టుకోని పోతా అనె. పోయె. శానాసేపు సప్పుడు లేదు. మళ్లా మెట్ల కాడ కాలు జారినట్టుండాది, మునిగిపాయె మనిషి. చెయ్యి ఒగటే కనపడె మేడం, నీళ్ల పైన. చేతిలో పెట్టె."

పెట్టె తడవలేదు. ఆయన తలే బురదనీళ్లలో మునిగింది. నాలుగు రోజులకు రెండు చెవులూ చీము పట్టాయి. వైద్య శిబిరంలో శుభ్రం చేసి చుక్కల మందు ఇచ్చారు. చీము తగ్గాక చూద్దామన్నారు.

దీపావళి పోయాక స్కూలు మళ్లీ తెరిచారు. గోడల మీద బురద గీత అలాగే ఉంది. ఒండ్రు పట్టిన పాత కంప్యూటర్‌ను బయట పారేశారు. దాతలెవరో కొత్త కంప్యూటర్లు పంపారు. ఒకరోజు అజయ్ వచ్చి ఒకదాన్ని బిగించి, పెట్టెలో ఉన్నదంతా అందులోకి కాపీ చేశాడు. స్పీకర్ తీగ తగిలించడానికి బల్ల కిందికి దూరాడు. నేను వాకిలి దగ్గర ఉన్నాను. సార్ కుర్చీలో కూర్చుని చేతులు తుడుచుకుని కీబోర్డు మీద పెట్టారు.

కంప్యూటర్ టంగుమంది. సార్ ఎంటర్ నొక్కారు.

"వానపాముకు ఊపిరితిత్తులు ఉండవు. అది చర్మం ద్వారా శ్వా" అంది గొంతు. అక్కడ ఆగిపోయింది.

సార్ తల పైకెత్తారు. "కరెంటు పాయెనా?"

"లేదు సార్" అన్నాను.

అజయ్ బల్ల కిందనుంచి లేచి తెర చూశాడు. నలుపు తప్ప ఏమీ లేదు. "ఏం నొక్కినావు సార్?"

"ఎంటరే. టంగుమనె గదప్పా."

ఆ టంగుమన్నది మామూలు టంగు కాదు. నిద్రపోయేనాటి ప్రాసెసర్ వేరు, ఇప్పటి ప్రాసెసర్ వేరు, అప్పుడున్న సౌకర్యాలు కొన్ని ఇప్పుడు లేవు, లేపితే ఇబ్బంది రావచ్చు అని చెప్పే హెచ్చరిక. అది బయటి కంప్యూటర్ తెర మీద వచ్చింది. చదివి వినిపించాల్సిన గొంతు లోపలి కంప్యూటర్‌లో నిద్రపోతూ ఉంది.

ఆ సాయంత్రమే భూపేష్‌కి ఫోన్ చేశాం. బెంగళూరులో ఏదో పని చేస్తున్నాడు. సార్ పేరు చెప్పగానే గుర్తుపట్టాడు. రాసిన ప్రోగ్రాం అసలు ప్రతి తన దగ్గర లేదనీ, ఆ డిస్కు ఎప్పుడో పోయిందనీ చెప్పాడు. తర్వాత అజయ్ ఫోన్‌ను స్పీకర్లో పెట్టాడు.

"ప్రోగ్రాం మొదలైనప్పుడు ప్రాసెసర్‌ని ఒక్కసారి అడుగుతాది అన్నా, ఆ జంట లెక్కలు నీకు వచ్చునా అని. వచ్చు అంటే ఆ దారిలో పోతాది. రాదు అంటే మామూలు దారిలో పోతాది. రెండు దారులూ పెట్టినా."

"మరి ఇప్పుడు మామూలు దారిలో పోవచ్చు గదా?" అన్నాడు అజయ్.

"యాడ పోతాది? అది అడిగింది పాత ప్రాసెసర్‌ని. వచ్చు అనింది. మళ్లా ఇంగ మొదలే కాలేదు గదా, పడుకోని లేస్తాండాది. పడుకునేముందు లెక్కేసి పెట్టుకున్న మాటలు పలికి, తర్వాతి లెక్క గూడా వచ్చు అనుకోనే అడిగింది. కొత్తదానికి ఆ ఆదేశమే తెలీదు."

"కొత్తగా మొదలుపెడితే?"

"వర్చువల్ మెషీన్‌లో ఆ సౌకర్యం లేదని దాచిపెట్టి మొదలుపెట్టు. బాగానే నడుస్తాది. కొత్తవి యమా స్పీడు గదా, మామూలు దారైనా చాలు. అయితే మెట్లు ఉండవన్నా. మార్చిన మెట్లన్నీ ప్రోగ్రాం మూసేటప్పుడే డిస్కులో రాసుకుంటాది. నేను అట్ల పెట్టినా. దినామూ మూస్తారు గదా అనుకున్నా."

సార్ పక్కనే ఉన్నారు. ఫోన్లో మాట ఆయనకు వినపడలేదు. అజయ్ ఆయన చెవి దగ్గర వంగి, ఒక్కొక్క ముక్కే లావు గొంతుతో చెప్పాడు. సార్ అంతా విని, "వానిదేం తప్పులే" అన్నారు.

భూపేష్ చెప్పినట్టు చేసి చూశాం. వర్చువల్ మెషీన్‌కి ఇచ్చే సౌకర్యాల పట్టీలోంచి ఆ పాత ఆదేశాలను అజయ్ తీసేశాడు. ఉన్న కాపీని నిద్రనుంచి లేపకుండా కొత్తగా మొదలుపెట్టాడు. గొంతు వచ్చింది. తడబాటు లేకుండా వానపాము పాఠం మొదలుపెట్టింది. కానీ అది రెండేళ్ల కిందటి గొంతు. మాకు సగం అర్థమైంది. మాకు అర్థమైందంటేనే ఆయనకు కాదని తెలిసింది.

సార్ మెట్లు దించుతూ వెళ్లారు. ఏ అక్షరాన్ని ఎంత దించాలో తెలియాలంటే ముందు ఒక్క మాటైనా చెవికి అందాలి. ఒక్కటీ అందలేదు. సాయంత్రం దాకా నొక్కి, "బండ మీద నీళ్లు పోసినట్టుండాదమ్మా, అంతా ఒకటే సప్పుడు" అని లేచారు.

ఆ వారం ట్రస్టు సెక్రటరీ వీరభద్రయ్య గారు వచ్చారు. బట్టల వ్యాపారి, మంచి మనిషి. ఆయన షాపు కూడా మునిగింది.

"గాబ్రియేలూ, నువ్వేం మనసులో పెట్టుకోవద్దు. ఈ గది నీదే. తిండికి ఎప్పుడూ లోటు రానియ్యం. పాఠాలకు వేరే మనిషిని చూస్తాండాం, పిల్లల సదువు ఆగగూడదు గదా. అర్ధ సంవత్సరం పరీక్షల దాకా చూద్దాం."

ఆయన గొంతు లావు. అందులోనూ దగ్గరగా కూర్చుని చెప్పారు. సార్‌కి మొత్తం వినపడింది.

"ఊరకే కూర్చోబెట్టి పెడితే అన్నం అరగదు సామీ."

"అరక్కేం. ఇంతకాలం పని చేసినావు గదా."

ఆయన వెళ్లాక సార్ ఉరుకుందమ్మతో, "ఇంగ నువ్వూ నేనూ ఒకటేలే. నువ్వు వండేదానివి, నేను తినేవాణ్ణి" అన్నారు. ఆమె గిన్నెలు తీసుకుని వెళ్లిపోయింది.

మిగిలిన దారి ఒక్కటే. పెట్టెలో అసలు కాపీ ఇంకా నిద్రలోనే ఉంది. ఆ పాత ఆదేశాలున్న ప్రాసెసర్ మీద దాన్ని ఒక్కసారి లేపి, పద్ధతిగా మూసేయాలి. అప్పుడు మెట్లన్నీ డిస్కులో రాసుకుంటుంది. ఆ తర్వాత కొత్తదాంట్లో మొదలుపెట్టుకోవచ్చు. ఇంకో సాఫ్ట్‌వేర్ పాత ప్రాసెసర్‌లాగా నటించగలదని విని అజయ్ దాన్నీ ప్రయత్నించాడు. ఒక సాఫ్ట్‌వేర్‌లో పడుకున్నది ఇంకోదాంట్లో లేవదని తేలింది.

ఆ చిన్న కంపెనీ ప్రాసెసర్ కోసం అజయ్ కర్నూలంతా తిరిగాడు. పాత కంప్యూటర్లు అమ్మే సందుల్లో ఎవరి వాకిట్లో చూసినా బురద పట్టిన పెట్టెల గుట్టలే. మునగని వీధుల్లో ఆ రకం లేదు. నంద్యాల, ఆదోని, ప్రొద్దుటూరు, అన్ని చోట్లా తెలిసినవాళ్లకు ఫోన్లు చేశాడు. చివరికి కడపలో, ఏడురోడ్ల దగ్గర డీటీపీ సెంటర్ నడిపే పద్మప్రియ అనే ఆమె దగ్గర ఒకటి ఉందని తెలిసింది.

ముగ్గురం బస్సులో వెళ్లాం. సార్ గుడ్డసంచిలో పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మైదుకూరు దాటాక, నిద్రపోతున్నారనుకుంటే, "అమ్మా, ఈ బస్సు హారను మార్చినారా?" అని అడిగారు. నేను లేదన్నాను. అది మామూలు హారనే.

పద్మప్రియ షాపు నిండా పెండ్లిపత్రికల నమూనాలు. పాత ప్రింటర్‌కు వేరే కంప్యూటర్లేవీ సరిపడవని ఆమె ఆ కంప్యూటర్‌ను అట్టిపెట్టుకుంది.

"చూడన్నా, ఇది చెడిపాయెనంటే మూడు పెండ్లిండ్లు ఆగిపోతాయి. ఆ పెండ్లికొడుకులు మీ ఇంటి ముందరికొచ్చి కూర్చుంటారు" అంది అజయ్‌తో.

"ఏం కాదక్కా. ఒక్కసారి లేపి మూసేసి పోతాం."

"ఎవర్ని లేపేది?"

"సార్ గొంతుని" అన్నాడు అజయ్. ఆమె సార్ వైపు చూసి, కుర్చీ తెచ్చి వేసింది.

ఈసారి అజయ్ తెర ముందు నిలబడి చదివాకే సార్ చేతిని ఎంటర్ మీద పెట్టాడు. హెచ్చరిక రాలేదు. టంగుమంది. మామూలు టంగు.

"వానపాముకు ఊపిరితిత్తులు ఉండవు. అది చర్మం ద్వారా శ్వాసిస్తుంది" అంది ఆ బొంగురు గొంతు, వరద రోజు పొద్దున ఆగిన చోటు నుంచి. అజయ్ రెండు చేతులూ పైకెత్తి నా వైపు చూశాడు. నేను సార్ వైపు చూశాను.

సార్ తల కొంచెం పక్కకు వంచి ఉన్నారు.

"ఇంగోసారి."

మళ్లీ చెప్పించాడు.

"శ్వా... అని, కడకి 'ంది' అని వస్తాండాది. నడుమ యాడపాయె?"

మధ్యలో ఏమీ పోలేదు. గొంతు అదే. ఏ మెట్టూ చెరగలేదు. మారింది చెవి. నాకు అర్థమైంది, అజయ్‌కీ అర్థమైంది. ఆయన చేతులు అప్పటికే మీట మీద ఉన్నాయి. 'స'ని ఒక మెట్టు దించి విన్నారు. ఇంకో మెట్టు. మళ్లీ విన్నారు. 'శ'ని దించారు. 'త'ని దించారు. ఏళ్లుగా తానే దిగుతూ వచ్చిన మెట్లు కాబట్టి తడుముకోకుండా దిగుతున్నారు. షాపులోకి ఎవరో పత్రిక కోసం వస్తే పద్మప్రియ వేలు పెదవుల మీద పెట్టి కూర్చోమంది.

"శ్వాసిస్తుంది" అన్నారు సార్ పైకి, స్పష్టంగా. "చర్మం ద్వారా శ్వాసిస్తుంది."

అజయ్ నవ్వాడు. నేను కూడా నవ్వాను కాబోలు.

సార్ మాత్రం ఆగలేదు. 'స'ని ముందుజాగ్రత్తగా ఇంకో మెట్టు దించుకుని పెట్టుకుందామనుకున్నారేమో, మీట నొక్కి విన్నారు. మాట మారలేదు. మళ్లీ నొక్కారు. అదే.

"అజయప్పా, మీట పనిచేస్తాండాదా?"

అజయ్ తెర వైపు చూసి, వంగి ఆయన చెవి దగ్గర, "పనిచేస్తాండాది సార్. అదే కడాకరి మెట్టు, ఇంగ కింద లేవు" అన్నాడు.

సార్ మీట మీద నుంచి వేలు తీశారు. పద్మప్రియ ప్రింటర్‌లో కాగితం సర్దుతూ ఆగిపోయింది.

"సరే. మూసేద్దాం" అన్నారు. ఏ మీటలు నొక్కాలో అజయ్ చెప్పాడు, ఆయనే నొక్కారు. మార్పులు రాసుకున్నానని గొంతు చెప్పింది. ఆ తర్వాత ఆగిపోయింది. ఆ ప్రోగ్రాం పద్ధతిగా మూతపడడం రెండేళ్లలో అదే మొదటిసారి.

"అయిందా?"

"అయింది సార్."

కర్నూలు వచ్చాక అంతా అనుకున్నట్టే జరిగింది. పాత ఆదేశాలను దాచిపెట్టిన వర్చువల్ మెషీన్‌లో ప్రోగ్రాం మొదలైంది, ప్రాసెసర్‌ని అడిగింది, లేవని జవాబు విని మామూలు దారి పట్టింది. మెట్లన్నీ కడపలో పెట్టినచోటే ఉన్నాయి. వీరభద్రయ్య గారు వచ్చి చూసి సంతోషించారు. కొత్త మనిషి కోసం వెతకడం ఆపేశామని చెప్పి వెళ్లారు. చెవుల డాక్టరు మాత్రం, చీము తగ్గింది, పోయిన వినికిడి మళ్లీ రాదు, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు. ఆ మాట సార్‌కి నేనే లావుగా, ఒక్కొక్క ముక్కగా చెప్పాల్సి వచ్చింది.

అప్పటినుంచి ఆయన పొద్దు మొత్తం కంప్యూటర్ ముందే. మునుపు రేపటి పాఠం వినేవారు. ఇప్పుడు పుస్తకం మొదటి నుంచి చివరి దాకా వింటున్నారు. ఒక పేజీ విని, ఆపి, పెదవులు కదుపుతూ అప్పజెప్పుకుని, మళ్లీ వింటారు. ఉరుకుందమ్మ అన్నం అక్కడికే తెచ్చి పెడుతోంది. ఆమె కూడా ఆ గొంతును ఎగతాళి చేయడం మానేసింది.

"అంత తొందరేం సార్, ఎక్కడికి పోతుంది?" అని అడిగాను.

"ఆరో తరగతి అయిపాయెనమ్మా. ఏడు జరుగుతాండాది" అన్నారు. నా ప్రశ్న సగమే అందినట్టుంది. తర్వాత ఆయనే, "కింద మెట్లు లేవు గదా" అన్నారు.

నేను ఇంటికి పోయి పాప వెనక చెంచాతో కొట్టే అలవాటు ఇంకా మానలేదు. పాప ఇప్పుడు అది ఆట అనుకుంటోంది. నేను కొట్టకముందే తిరిగి చూస్తోంది. అందుకని ఆ పరీక్ష నాకు ఏమీ చెప్పడం లేదు.

నిన్న ఆరో తరగతి గదిలో సార్ వానపాము పాఠం చెబుతుంటే వెనక కూర్చున్నాను. తడబాటు లేదు, ఒక్క మాట తప్పలేదు. మునుపటి కంటే బాగా చెప్పారనిపించింది. చర్మం ద్వారా శ్వాసిస్తుంది అనేచోట కొంచెం ఆగి, ఆ మాటను ఇంకోసారి చెప్పారు. ముందు బెంచీ పాప ఒకతె లేచి నిలబడి, "చర్మం ఎండిపోతే ఏమయితాది సార్?" అని అడిగింది. మెత్తని సన్న గొంతు. సార్ ముఖం అటు తిరగలేదు. ఆ పాప ఇంకోసారి అడిగింది. సార్ చిన్నగా నవ్వుతూ నత్త పాఠంలోకి వెళ్లిపోయారు.

ఊపిరాడదు అని నేను ఆ పాపకు వెనక నుంచి మెల్లగా చెప్పాను.